జూన్ ఒకటి

మా బడిలో నలభై ఏడు మంది
ఒకే రోజు పుట్టారు.

తల్లికి వాన కురిసిందని మాత్రమే గుర్తుంటే,
తండ్రి వేళ్ళు మడిచి మడిచి
చివరికి నా మొహంలోకి చూస్తే,
"పోనీ, జూన్ ఒకటి రాసుకో టీచరమ్మా" అంటారు.
రాసుకుంటాను.
ఏటా ఆ రోజు ఒక చాక్లెట్ ప్యాకెట్ కొంటాను.
సొంత తేదీలున్న పదహారు మందికీ
అందులోంచే ఇస్తాను.

వర్తూరు దాటాక, నీళ్ళ ట్యాంకర్లు బారులు తీరే మలుపులో
నాలుగు గదుల కన్నడ బడి.
ప్రహరీ అవతల ఇరవై రెండంతస్తులు లేస్తున్నాయి.
అక్కడ ఒక స్లాబు పడితే
ఇక్కడ రెండు పేర్లు పెరుగుతాయి.

ఊరి పిల్లలు పసుపు బస్సులెక్కి చాలా ఏళ్ళయింది.
వాళ్ళ తాతలు మాత్రం
పాత రిజిస్టర్లో ఉన్నారు.
తండ్రి వృత్తి: సేద్యం. కింద సేద్యం. దాని కింద సేద్యం.
ఎవరో పంతులుగారికి చెయ్యి నొప్పెట్టి
పేజీ చివరిదాకా చుక్కలు పెట్టేశారు.
ఆ సేద్యం మీదే ఇప్పుడు క్రేను నిలబడి ఉంది.
నా పేజీలో: కూలి, సెంట్రింగు, కూలి, కూలి, వాచ్‌మన్.

మాతృభాషకి ఒక గడి ఉంది,
నా చిటికెన వేలంత వెడల్పు.
హులిగెమ్మది రాయచూరు కన్నడ.
ఓబులేసుది కళ్యాణదుర్గం తెలుగు,
"నాకు బువ్వొద్దు, గుడ్డే కావాల" అంటే
ముళబాగిలు మా అమ్మమ్మ
మళ్ళీ మారాం చేస్తున్నట్టే ఉంటుంది.
రెజీనాది బెంగాలీ, పబిత్రది నేపాలీ.
బలభద్ర మాఝీ వాళ్ళమ్మ కుయి మాట్లాడుతుంది.
కంప్యూటర్ జాబితాలో కుయి లేదు.
'ఇతర' అని నొక్కాను.
"ఇతర అంటే ఏ ఊరు, మిస్?" అన్నాడు.
ఎక్కాలు మాత్రం
అందరూ ఒకే భాషలో తప్పు చెబుతారు.

దీపావళి వెళ్ళిన సోమవారం
అరవై మూడు గుడ్లు ఉడికాయి.
తినేవాళ్ళు ఇరవై ఇద్దరు.
వంట సాకమ్మ గిన్నెలో గరిటె ఆపి
లెక్క తప్పింది నేనే అన్నట్టు చూసింది.
గోడెక్కి చూస్తే
రేకుల షెడ్లు ఉన్నచోట
నలుపు పట్టిన పొయ్యిరాళ్ళు, ఒక చెప్పు,
నేనిచ్చిన కాపీ పుస్తకం అట్ట.
ఆదివారం రాత్రి రెండు లారీలొచ్చాయట.
హోసూరు అన్నారొకరు. హెణ్ణూరు అన్నారొకరు.

పేరు తీసెయ్యాలంటే కారణం చెప్పాలి.
మరణం. వివాహం. చదువు మానేయుట.
వేరే బడిలో చేరుట.
'బిల్డింగు పూర్తయింది' అన్నది లేదు.
వేరే బడి అని నొక్కితే
ఏ బడి అని అడుగుతుంది.
అదే కదా నేనూ అడుగుతున్నది.

క్లస్టర్ ఆఫీసు నుంచి ఫోను:
"సంఖ్య ఎంత మిస్?
తగ్గితే పక్క బడిలో కలిపేస్తారు, తెలుసుగా."
"రేపు చెబుతాను సార్" అన్నాను.
ఆ రేపు ఇప్పటికి తొమ్మిది సార్లు వచ్చింది.
జీతం తీసుకుంటూ అబద్ధం ఆడుతున్నానా?
ఏమో. ఒక్క పేరూ కొట్టెయ్యలేదు.

అపార్ట్‌మెంటు గేటుకి బెలూన్లు కట్టారు.
సాయంత్రాలు ఒక్కో కిటికీలో దీపం వెలుగుతోంది.
పబిత్ర వెళ్ళలేదు. కట్టేవాళ్ళు వెళ్ళిపోయినా
కాపలా మిగులుతుంది కదా.

ఇవాళ హాజరు పిలిచాను, మొత్తం అరవై మూడూ.
హులిగెమ్మా.
ఎవరూ పలకలేదు.
మూడో బెంచీలోంచి పబిత్ర లేచి
కిటికీలోంచి వేలు చూపించింది.
"పధ్నాలుగో అంతస్తు మిస్. వాళ్ళమ్మ ఇసుక మోసింది."

ఓబులేసు?
"ఏడు. ఆ బాల్కనీ. పచ్చ కర్టెన్ ఉందే, అది."

పెన్ను పట్టుకుని
కాసేపు అలాగే ఉన్నాను.
తర్వాతి పేరు పిలిచాను.